పట్టుకుపోతారని భయపడ్డ ఏళ్ళు

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను ఈ గుడిలో మీ ముందు నిలబెట్టిన యేసయ్యకు కోటి వందనాలు! నా పూర్తి పేరు తాళ్ళపూడి ఇమ్మానుయేలు. ఈ మాట ఇంతమందిలో గట్టిగా చెప్పడం నాకు ఇదే మొదటిసారి. పద్దెనిమిదేళ్ళుగా ఈ సంఘానికి వస్తున్నాను, వెనక తలుపు పక్కన కూర్చుంటున్నాను, మీరంతా నన్ను చెరువు కాపలా మానియేలు అనే పిలుస్తారు, నా ఇంటిపేరేమిటో, నేను ఏ ఊరివాణ్ణో మీలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. రిజిస్టరులో పేరు రాయించుకోమని పాస్టరు గారు ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. పేరు రాస్తే ఎవరో చదువుతారని, చదివినవాళ్ళు ఇంకెవరికో చెబుతారని, ఆ చెప్పినదాన్ని బట్టి ఒకరోజు జీపులో వచ్చి నన్ను పట్టుకుపోతారని భయం. తలుపు పక్కన కూర్చున్నది కూడా అందుకే. పాట పాడుతున్నా, ప్రార్థన చేస్తున్నా, నా చూపు రోడ్డు మీదే ఉండేది.

మాది ఘంటసాల దగ్గర పల్లె. మా నాన్న వరిచేలల్లో కూలికి వెళ్ళేవాడు. పదో తరగతి పాసయ్యాక గుడివాడలో మిలటరీ సెలెక్షన్లు జరుగుతున్నాయంటే అందరితో పాటు నేనూ వెళ్ళి పరుగెత్తాను, ఎంపికయ్యాను. మా వాడలో అప్పటిదాకా సిపాయి అయినవాడు లేడు. నన్ను బస్సెక్కించడానికి పేటంతా రోడ్డు మీదికి వచ్చింది, మా అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాలుగేళ్ళు తిరగకముందే కార్గిల్ యుద్ధం వచ్చింది. ఆ కొండలు, ఆ చలి, ఆ చప్పుళ్ళు నేను మీకు వర్ణించి చెప్పలేను. ఒక మధ్యాహ్నం మా పక్కనే గుండు పడి పేలింది. నా పక్కనున్న అబ్బాయి, నాకు రొట్టెలు చేయడం నేర్పినవాడు, మళ్ళీ లేవలేదు. నాకు కుడి తొడలోకి, నడుములోకి ఇనపముక్కలు దూసుకుపోయాయి, కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో ఈల మొదలైంది. తర్వాత తర్వాత ఆ చెవి కొంచెం తేరుకుంది గానీ, ఆ ఈల ఇవాళ్టికీ ఆగలేదండీ.

నెలల తరబడి మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాను. ఆఖర్న ఒకరోజు నన్ను ఒక గదిలోకి తీసుకెళ్ళారు. ముగ్గురు ఆఫీసర్లు బల్ల వెనక కూర్చుని కాగితాలు చూసి నాతో ఏదో చెప్పారు. సహోదరులారా, ఇక్కడే నా బతుకు తప్పుదారి పట్టింది! నాకు ఒక్క ముక్క వినపడలేదు. చెవిలో ఈల తప్ప ఏమీ లేదు. వినపడలేదు సార్, మళ్ళీ చెప్పండి అనడానికి సిగ్గుపడ్డాను, అంత పెద్ద ఆఫీసర్లను మళ్ళీ చెప్పమనడమేమిటని భయపడ్డాను, వాళ్ళు ఏమన్నా “యెస్ సర్, యెస్ సర్” అన్నాను. బయటికొచ్చాక గుమాస్తా నా చేతిలో సెలవు కాగితం, రైలు పాసు పెట్టి, తిరిగి రావలసిన తారీఖు మీద వేలు పెట్టి చూపించాడు. నాకు అర్థమైంది అంతే: ఇంటికెళ్ళి నయం చేసుకుని రా, మళ్ళీ కొండెక్కాలి.

ఇంటికొచ్చాను. ఒక్కో రోజూ గడుస్తుంటే అన్నం సయించేది కాదు. తారీఖు వచ్చింది. మా నాన్న పామర్రు దాకా వచ్చి బెజవాడ బస్సెక్కించి వెళ్ళాడు. స్టేషన్లో నల్ల ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను, దాని మీద తెల్లరంగుతో నా పేరు, నంబరు. రైలొచ్చింది. లేద్దామంటే కాళ్ళు లేవలేదు. ఒళ్ళంతా వణుకు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నిండు మే నెల ఎండలో. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడకూడదని ప్రార్థన చేసుకుని వచ్చాను కాబట్టి చెబుతున్నాను, నేను కూర్చున్నచోటే నా ప్యాంటు తడిసిపోయింది. రైలు నా ముందే కదిలి వెళ్ళిపోయింది. నేను తిరుగు బస్సెక్కి ఇంటికొచ్చేశాను. సైన్యంలో మాకు హిందీలో ఒక మాట బాగా తెలుసు, భగోడా అని, అంటే పారిపోయినవాడని. ఆ బస్సులో దారి పొడవునా ఆ ఒక్క మాటే నా తలలో తిరిగింది.

నెల తిరక్కుండా రిజిస్టరు పోస్టు వచ్చింది. పోస్టుమాన్ సైకిలు దిగుతుండగానే చూసి నేను దడి వెనక్కి పోయి గొడ్ల దగ్గర కూర్చున్నాను, మా అమ్మకు చేత్తో సైగ చేశాను. ఆవిడ ఎప్పుడూ అబద్ధమాడని మనిషి.

“అబ్బాయి లేడండీ, హైదరాబాదు వెళ్ళాడు. ఎప్పుడొస్తాడో తెలియదు” అంది.

పోస్టుమాన్ కవరు మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు ఇంకోటి వచ్చింది, అదీ అలాగే వెనక్కి పోయింది. అది వారంటే అని నేను నమ్మాను. నమ్మి, ఆ వారమే ఇల్లు వదిలాను, కృష్ణ దాటి దివిసీమలోకి వచ్చాను, నాగాయలంక అవతల ఆఖరి రోడ్డు ఆగిపోయిన చోట రొయ్యల చెరువు మీద కాపలాకు కుదిరాను. పడవకు వేసే పచ్చరంగు మిగిలితే ట్రంకుపెట్టె మీద నా పేరూ నంబరూ కనపడకుండా పూసేశాను. తర్వాత సుగుణతో నాకు పెళ్ళయింది. మిలటరీలో కొన్నాళ్ళు చేశాను, సర్వీసు అయిపోయింది, ఆ సంగతి ఎవరితో అనకు అని ఒక్కసారి చెప్పాను. మంచి మనిషి, మళ్ళీ అడగలేదు.

సహోదరులారా, భయం మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో నన్ను చూసి తెలుసుకోండి! ఖాకీ చొక్కా కనపడితే చాలు, నా గుండె ఆగిపోయేది. పోలీసు అక్కర్లేదు, ఆర్టీసీ కండక్టరు ఖాకీ చొక్కాలో టికెట్టు టికెట్టు అని వస్తుంటే నాకు చెమటలు పట్టేవి, అందుకని బస్సెక్కడమే మానేశాను. మా అమ్మ పోయినప్పుడు వెళ్ళలేదు, మా నాన్న పోయినప్పుడూ వెళ్ళలేదు, ఊళ్ళో కాపు కాసి ఉంటారని. ఇక ప్రార్థన అంటారా, రోజూ ఉదయం లేచి చెరువు గట్టు మీద మోకాళ్ళూని ఒకటే ప్రార్థన చేసేవాణ్ణి: “ప్రభువా, ఇవాళ వాళ్ళు రాకుండా చూడు తండ్రీ. ఈ ఒక్క రోజు గడిపించు.” ఇరవై ఐదేళ్ళు ఇదే ప్రార్థన. నా పాపం ఒప్పుకోలేదు, నాకు ధైర్యమివ్వమని అడగలేదు, దేవుడు కూడా నాతో పాటు దడి వెనక దాక్కోవాలని కోరుకున్నాను.

నా భయం నా ఒక్కడితో పోలేదు. మాకు ఒక్కతే పిల్ల, కరుణ. బాగా చదివేది. ఇంటరు పాసయ్యాక నర్సింగు చదువుతానంది. స్కాలర్‌షిప్పుకు తండ్రి కులధ్రువీకరణ కావాలి, నేను పుట్టిన ఊరి నుంచి తేవాలి, మండలాఫీసులో నేను సంతకం పెట్టాలి. పిల్ల కాగితాలు పట్టుకుని నా చుట్టూ తిరిగింది.

“నాన్నా, ఒక్క సంతకమే కదా. నువ్వు రా, నేను మాట్లాడతాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు” అంది.

నేను రానన్నాను. ఎందుకు అంటే చెప్పలేదు. ఆడపిల్లకు చదువెందుకని అరిచాను. నేను ఆ మాట నమ్మి అనలేదండీ, భయంతో అన్నాను, కానీ అన్న మాట అన్నట్టే ఆ పిల్ల గుండెలో దిగిపోయింది. ఆఖరు తారీఖు దాటిపోయింది. కరుణ బట్టలు సర్దుకుని పెడన వెళ్ళి, కలంకారీ బట్టల మీద అచ్చులు వేసే షెడ్డులో పనికి చేరింది. అప్పట్నుంచి పండక్కి వచ్చినా నా వైపు చూడకుండా అన్నం తిని వెళ్ళేది.

ఆ తర్వాత నా కాలు పోయింది. తొడలో నరం దెబ్బతిన్న కాలు, పాదంలో స్పర్శ ఎప్పుడూ సరిగ్గా ఉండేది కాదు. ఉప్పునీళ్ళల్లో నడిచీ నడిచీ పుండు పడింది, నొప్పి తెలియకపోవడంతో పట్టించుకోలేదు, పట్టించుకునేసరికి నల్లబడిపోయింది. ఆసుపత్రికి రానని మొండికేస్తే సుగుణ ఏడ్చి, మొత్తుకుని ఆటోలో పడేసి బందరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. మోకాలి కింద తీసేశారు. ఒంటికాలివాణ్ణి కాపలాకు ఎవరు పెట్టుకుంటారు? పని పోయింది. గట్టు మీద గుడిసె కూడా వదిలేసి ఈ ఊళ్ళో చిన్న అద్దె ఇంట్లోకి రావాల్సి వచ్చింది. సుగుణ రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్ళేది, వేళ్ళన్నీ కోసుకుపోయి, ఉప్పూ ఐసూ తగిలి మండుతుంటే ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చునేది. ఎసరు పెట్టాక బియ్యం కోసం పక్కింటికి వెళ్ళిన రోజులున్నాయి. నాకు యాభై రాలేదు, చూసినవాళ్ళు డెబ్బై అనుకునేవాళ్ళు.

వికలాంగుల పింఛనుకు పెట్టమని అందరూ చెప్పేవాళ్ళు. నేను వద్దనేవాణ్ణి. ఆఖరికి సుగుణే సచివాలయానికి వెళ్ళి రేషన్ బియ్యం కోసం ఎప్పుడో తనే పోరి తీయించిన నా ఆధార్ కార్డు చూపించి, వికలాంగుడని డాక్టర్లు రాసిచ్చే సదరం సర్టిఫికెట్టు కోసం తారీఖు తీసుకుంది. ఆ రోజు ఉదయం నన్ను బస్సెక్కించింది. బందరు ఆసుపత్రిలో పెద్ద వరుస, వరుసలో అందరి చేతుల్లో కాగితాలు. లోపల కుర్ర డాక్టరు, మర్యాదస్తుడు, కాలు చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, ఆ ఫిల్మును లైటుకు ఎదురుగా పెట్టి చాలాసేపు చూశాడు.

“బాబాయి గారూ, తొడలో ఈ ముక్కలేంటండీ? ఇవి ఇనపముక్కలు. మీరేమన్నా ఆర్మీలో చేశారా?”

“లేదండీ.”

“పరవాలేదు, చెప్పండి. యుద్ధంలో తగిలిన దెబ్బైతే మీకు వేరే...”

“లేదన్నాను కదండీ! నేను ఏ ఆర్మీలోనూ చేయలేదు!”

గదిలో అందరూ నా వైపు తిరిగారు. డాక్టరు కాగితం మీద ఏదో రాస్తున్నాడు. నా పేరు రాస్తున్నాడు, ఇప్పుడు ఫోన్ చేస్తాడు అనుకున్నాను. అంతే, చంకకర్రలు అందుకుని బయటపడ్డాను. వెనక సుగుణ “ఏవండీ, ఏవండీ” అని పిలుస్తూనే ఉంది. ఒంటికాలితో అంత వేగం ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలియదు. బస్టాండులో బెంచీ మీద పడిపోయాను.

సుగుణ ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. “ఏమైందండీ మీకు? ఆయన మన మంచికే కదా అడిగాడు! ఆర్మీలో చేశానంటే మెడకాయ తీస్తాడా?”

“తీస్తారు సుగుణా. నేను పారిపోయి వచ్చినవాణ్ణి. దొరికితే జైల్లో వేస్తారు.”

అప్పుడు చెప్పాను. ఆ బెంచీ మీద, వచ్చేపోయే జనం మధ్య, అంతా చెప్పాను. అవనిగడ్డ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళిపోయింది.

“మన పిల్ల చదువు ఆగిపోయింది ఇందుకా?” అంది.

అవునన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫిరంగి గుండు పేలినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు సహోదరులారా, ఈవిడ ఇప్పుడు లేచి వెళ్ళిపోతుందేమో, నేను ఈ బస్టాండులో ఒక్కణ్ణే మిగిలిపోతానేమో అని. ఆవిడ వెళ్ళలేదు. దేవునికే మహిమ! చంకకర్ర నా చేతికిచ్చి, “లేవండి. పాస్టరు గారి దగ్గరికి వెళ్దాం” అంది.

పాస్టరు గారు ఇక్కడే కూర్చుని ఉన్నారు కాబట్టి నేను పొగడను. నా మాట అంతా విని, “మానియేలు గారూ, వాళ్ళు మిమ్మల్ని ఏం చేస్తారో నాకు తెలియదండీ. తెలిసినట్టు చెప్పను. బందరులో మాజీ సైనికుల ఆఫీసు ఉంది, మనమే వెళ్ళి చెబుదాం. జైల్లో వేస్తే ప్రతి నెలా నేనొచ్చి చూస్తాను, సుగుణమ్మ గారిని సంఘం చూసుకుంటుంది” అన్నారు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారు. ఎవరి కోసమో చెప్పకుండా, మనలో ఒక సహోదరుడు పెద్ద భయంలో ఉన్నాడని మాత్రం చెప్పి మీ అందరిచేత ప్రార్థన చేయించారు. మీరు చేశారు. నా కోసమని తెలియకుండానే నా పక్కనే మోకాళ్ళూని చేశారు. ఆ మూడో రోజున నా నోట్లోంచి కొత్త ప్రార్థన వచ్చింది: “ప్రభువా, వాళ్ళు వస్తే ఈసారి నేను పారిపోకుండా చూడు.” అంతకుముందు ఎన్నడూ నేను అలా అడగలేదు.

బయల్దేరే రోజు సుగుణ సంచి సర్దింది. రెండు లుంగీలు, తువ్వాలు, సబ్బు, కాలికి రాసుకునే మందు, ఒక సీసాలో గోంగూర పచ్చడి. “ఇది లోపలికి తీసుకెళ్ళనిస్తారో లేదో” అంటూనే మూత బిగించింది. గుమ్మం దాటేటప్పుడు ఇల్లు మళ్ళీ చూస్తానో లేదో అని ఒకసారి వెనక్కి చూశాను. పాస్టరు గారి భుజం పట్టుకుని బస్సెక్కాను. చల్లపల్లి దాటాక కండక్టరు పక్కన కూర్చున్నా నేను తల దించుకోలేదు. వణికాను, కానీ దించుకోలేదు.

ఆ ఆఫీసులో బల్ల దగ్గర తెల్లమీసాల పెద్దాయన ఉన్నారు, ఆయనా మిలటరీలో హవల్దారుగా చేసి వచ్చినవారే. పేరు అడిగారు, చెప్పాను. నంబరు గుర్తుందా అన్నారు. ఇరవై ఐదేళ్ళు నేను పలకని నంబరు, ఆయన అడగడమే ఆలస్యం, ఒక్క అంకె తడబడకుండా నోట్లోంచి వచ్చేసింది! నాకు తెలియకుండానే నిటారుగా నిలబడ్డాను, చంకకర్ర జారి కింద పడింది, ఒంటికాలి మీద ఊగుతున్నాను.

“సార్, నేను సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళలేదు. పారిపోయాను. నన్ను పట్టుకోండి” అన్నాను.

ఆయన నా కాలు చూశారు, సంచీ చూశారు, పాస్టరు గారిని చూశారు. “ముందు కూర్చోవయ్యా. పడిపోతావు” అన్నారు. టీ తెప్పించారు. అంతా రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకుని, “నీ సంగతేమిటో రికార్డులు చూస్తేగానీ నేను చెప్పలేను. రాసి పంపుతాను. జవాబొచ్చేదాకా ఊరొదిలి ఎక్కడికీ వెళ్ళకు” అన్నారు.

ఎక్కడికీ వెళ్ళకు అన్న ఆ ఒక్క మాటతో నా ప్రాణం మళ్ళీ పోయింది. ఇంటికైతే పంపారు గానీ కట్టేసి పంపారనుకున్నాను. ఆ వానాకాలమంతా నేను బతికానో చచ్చానో నాకే తెలియదు. రోడ్డు మీద మోటారుసైకిలు ఆగితే మంచం కోడు పట్టుకునేవాణ్ణి. ఒకసారి కరెంటు రీడింగు తీసేవాడొస్తే సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను, వాడు నన్ను చూసి తికమకపడ్డాడు. జ్వరం వచ్చేది, తగ్గేది. సుగుణ నా పక్కన కూర్చుని, “వస్తే వస్తారు, నేనున్నాను కదండీ” అనేది. రోజూ ఆ కొత్త ప్రార్థనే చేసేవాణ్ణి, కొన్ని రోజులు పూర్తి చేయలేక మధ్యలోనే ఏడ్చేవాణ్ణి.

ఆఫీసులో నేను ఇచ్చింది కరుణ ఫోన్ నంబరు. ఒకరోజు పిల్ల ఫోన్ చేసింది. “నాన్నా, బందరు నుంచి ఎవరో చేశారు. నిన్ను రమ్మంటున్నారు, రెండు ఫోటోలు తెమ్మన్నారు. ఏంటి సంగతి? అడిగితే వచ్చాక చెబుతామంటున్నారు” అంది. ఫోటోలంటే ఖైదీలకు తీసే ఫోటోలేననుకున్నాను. పెడన నుంచి తనూ వస్తానంది. వద్దనలేకపోయాను.

బందరు బస్టాండులో కలిసింది. లోపలికి వెళ్ళేముందు దానికి చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని, ఆ రోడ్డు మీదే నిలబడి చెప్పాను. నీ కాగితాల మీద సంతకం ఎందుకు పెట్టలేదో చెప్పాను, చదువెందుకన్న మాట అబద్ధమని చెప్పాను, నన్ను క్షమించమ్మా అన్నాను. అది నా చేతిలో సంచీ తీసుకుని భుజాన వేసుకుని నాతో నడిచింది.

హవల్దారు గారు ఒక కాగితం బల్ల మీద పెట్టారు. ఇంగ్లీషులో ఉంది. కరుణ అందుకుని చదవడం మొదలుపెట్టింది, సగంలో ఆగిపోయింది, మళ్ళీ మొదట్నుంచి చదివింది, అది చూసి, అయిపోయింది, శిక్ష పడిందనుకున్నాను. నేను కుర్చీ చేతులు పట్టుకుని, “ఎన్నేళ్ళు సార్?” అన్నాను.

ఆయన లేచి వచ్చి నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అన్నారు: “నువ్వు భగోడావి కాదయ్యా! నిన్ను వాళ్ళే ఇంటికి పంపించేశారు!”

అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పారు, ఒక్కో మాటా విడమర్చి. ఆ ముగ్గురు ఆఫీసర్లు ఆ రోజే రాసేశారట, యుద్ధంలో గాయపడ్డాడు, ఇక సైన్యంలో పనికి రాడు, గౌరవంగా పంపించేయవలసిందని. నా చేతికి తారీఖు వేసి ఇచ్చింది కొండెక్కమని కాదు, వచ్చి కాగితాల మీద సంతకాలు పెట్టి డిశ్చార్జి తీసుకుని వెళ్ళమని. నేను రాకపోతే ఆ కాగితాలనే ఇంటికి రిజిస్టరు పోస్టులో పంపారు. మనిషి లేడని వెనక్కి వెళ్ళాయి. ఎవరూ నన్ను వెతకలేదు. ఒక్క రోజు కూడా ఏ జీపూ నా కోసం బయల్దేరలేదు.

సహోదరులారా, అప్పుడు ఆనందంతో గంతులు వేశానని చెబితే మీకు వినడానికి బాగుంటుంది, కానీ దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పను. నాకు సంతోషం రాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది, నా కోసం అబద్ధమాడిన ఆవిడ ముఖం గుర్తొచ్చింది, నేను వెళ్ళని రెండు సమాధులు గుర్తొచ్చాయి. పక్కన నా కూతురు, చేతి గోళ్ళ సందుల్లో అద్దకం రంగులతో. ఇదంతా దేనికి పోయింది ప్రభువా, నేను వినపడలేదని ఒక్క మాట అననందుకా అని ఆ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. హవల్దారు గారు కళ్ళజోడు తీసి పక్కకు తిరిగారు. కరుణ నా వీపు మీద చేయి వేసింది. ఏడేళ్ళ తర్వాత అది నన్ను ముట్టుకోవడం.

“నాన్నా, లే. ఇంటికెళ్దాం. అమ్మ ఏమీ తినకుండా కూర్చుని ఉంటుంది” అంది.

ఆ తర్వాత దేవుడు తలుపులు ఒక్కొక్కటిగా తెరిచాడు! మాజీ సైనికుడని వాళ్ళిచ్చిన కాగితంతో మళ్ళీ సదరం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అదే డాక్టరు. ఆ రోజు అరిచినందుకు క్షమించండి సార్ అంటే, ఆయన లేచి నిలబడి నాకు కుర్చీ వేశారు. కాలికీ చెవికీ కలిపి సర్టిఫికెట్టు రాశారు. నాకు వికలాంగుల పింఛను మంజూరైంది. మొదటి నెల ఒకటో తారీఖు ఉదయం, సచివాలయం అమ్మాయి బ్యాగు తగిలించుకుని స్కూటరు దిగి, చేతిలో కాగితం చూస్తూ “తాళ్ళపూడి ఇమ్మానుయేలు గారి ఇల్లు ఇదేనాండీ?” అని గట్టిగా అడిగింది. నా పేరు వీధిలో వినపడేసరికి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను వెనక గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్ళిపోయాను! సుగుణ నవ్వుతూ, తిడుతూ నన్ను బయటికి తీసుకొచ్చింది. చెరువుల్లో చల్లే సున్నానికీ ఉప్పునీళ్ళకీ నా వేలిముద్రలు అరిగిపోయాయి, మిషను తీసుకోలేదు. “పర్లేదండీ బాబాయి గారూ, ముఖం చూపించండి చాలు, కళ్ళార్పండి” అంది ఆ అమ్మాయి. ముఖం దాచుకుని బతికినవాణ్ణి, ముంగిట్లో ఎండలో నిలబడి ముఖం చూపించాను. ఆ నెల నుంచి సుగుణ షెడ్డు పని మానేసింది. వేళ్ళు మానుతున్నాయి. కరుణ ప్రైవేటుగా డిగ్రీ కట్టింది. నర్సింగు కాలేదు, అది నా తప్పు, ఆ తప్పు దేవుడు క్షమించాడు, పిల్ల క్షమిస్తున్నానంది, నన్ను నేను క్షమించుకోవడం ఇంకా నేర్చుకుంటున్నాను.

మిలటరీ వాళ్ళిచ్చే గాయం పింఛను ఇంకా రాలేదు. కాగితాలు పెట్టారు, ఏళ్ళు పట్టొచ్చన్నారు, రాకపోవచ్చని కూడా అన్నారు. నా భయం కూడా పూర్తిగా పోలేదండీ. దీపావళికి నేను ఇంట్లోంచి బయటికి రాను. మొన్న బజార్లో లారీ టైరు పేలితే అక్కడే కూలబడ్డాను. మీరు నన్ను చూసి వీడికి విడుదలేంటి అనుకోవచ్చు. కానీ ఒకటి చెబుతాను: ఇదివరకు భయం వస్తే పరుగెత్తేవాణ్ణి. ఇప్పుడు భయం వస్తే కూర్చుని, యేసయ్యా అంటాను, ఆయన నా పక్కన కూర్చుంటాడు, నా వణుకు తగ్గేదాకా లేవడు. నాకు అది చాలు. అల్లేలూయా!

ప్రియులారా, ఇక్కడ ఇంతమంది ఉన్నారు. మీలో తెరవని కవరు దాచుకున్నవాళ్ళు ఉండొచ్చు, డాక్టరు రిపోర్టు చూడటానికి భయపడుతున్నవాళ్ళు ఉండొచ్చు, బ్యాంకు నుంచో కోర్టు నుంచో ఏదో వస్తుందని రోడ్డు వైపు చూస్తున్నవాళ్ళు ఉండొచ్చు. మీకు అంతా మంచే రాసి ఉంటుందని నేను చెప్పలేను, నా పాస్టరు గారు నాకూ చెప్పలేదు. కానీ ఆ గుమ్మంలోకి మీరు అడుగు పెట్టేసరికి ప్రభువు అక్కడ ఉంటాడు, అది మాత్రం నేను చూసి వచ్చాను. ఆయన్ను నమ్మండి. రేపు సోమవారం, ఆఫీసులు తెరుస్తారు. బందరు బస్సు పొద్దున్నే ఏడింటికి. ఒక్కరే వెళ్ళడానికి భయమైతే ఆరాధన అయ్యాక నాతో ఒక మాట చెప్పండి, నేను వచ్చి మీ పక్క సీట్లో కూర్చుంటాను.